చేతులు మారిన సూటు

సెలొఫేన్ కవరు చింపి, మడతలు విప్పి, చున్నీ మూలన కుట్టిన ఒంటికాలి చిలకను చూసి నవరీత్ కుర్చీలో కూలబడిపోయింది. కిందటి వారం మనం అక్కడ ఆగాం.

పటియాలా అదాలత్ బజార్‌లో నవరీత్‌కి ఆడవాళ్ల సూట్లు కుట్టే దుకాణం ఉంది. తండ్రి లేడు. తల్లి ప్రీతం కౌర్‌తో ఉంటుంది. అక్క అమితోజ్, ఇంట్లో తోజీ, ఎనిమిదేళ్ల కిందట పోయింది. కనీసం ఊరంతా అలా అనుకుంటోంది. పెదనాన్న కొడుకు గగ్గూ కారుతో సైకిలు మీద పోయే పాలవాణ్ణి గుద్ది చంపిన రోజు, ఆ కారులో పక్క సీట్లో కూర్చున్నది అమితోజ్. ఆమె తప్ప వేరే సాక్షి లేడు. పోలీసుల ముందు నోరు విప్పాల్సిన పొద్దున కాలవ గట్టు మీద ఆమె జుత్తీ చెప్పులు, చున్నీ దొరికాయి. ఆమె దొరకలేదు. సాక్షి లేక కేసు వీగిపోయింది. శవం చూడకుండా బిడ్డకి అంతిమ ప్రార్థన చేయించనని ప్రీతం కౌర్ ఏళ్ల తరబడి మొండికేసింది. ఈమధ్య ఉన్నట్టుండి ఒప్పుకుంది. ఈ ఆదివారమే ఆ ప్రార్థన, భోగ్.

ఇంతలో మేనత్త గుర్మేజ్ కౌర్ కొడుకు పెళ్లి జరిగింది. పుట్టింటివాళ్లందరికీ ఆమె సూటు గుడ్డలు పెట్టింది. తనకొచ్చిన పాకెట్టును ప్రీతం కౌర్ పట్టుకోను కూడా పట్టుకోకుండా నవరీత్ సంచిలో పడేసి, "ఇంకెవరికైనా పెట్టెయ్" అంది. ఇచ్చే ముందు రంగు చూద్దామని నవరీత్ విప్పింది. ఫుల్కారీ పూల పని కుట్టేవాళ్లు దిష్టి తగలకుండా ఎక్కడో ఒకచోట రంగు మార్చి చిన్న తప్పు వదులుతారు. అమితోజ్ వదిలే తప్పు ఒక ఆకుపచ్చ చిలక. చిన్నప్పుడు మొదటిసారి కుట్టినప్పుడు రెండో కాలు మర్చిపోయింది. తర్వాత ఎన్ని కుట్టినా ఆ చిలకకి ఒక కాలే.

ఇక కథలోకి.

*

గుర్మేజ్ కౌర్ మేడ మీద ఎండలో మంచం వేసుకుని సాగ్ కూర కోసం ఆవాకు తరుగుతోంది. పెళ్లి అలసట ముఖంలో ఉంది కానీ గొంతులో లేదు.

"రా పుత్తర్, ఎండలో కూర్చో. చిక్కిపోయావు. దుకాణాన్ని నువ్వు నడుపుతున్నావా, నిన్నే దుకాణం నడుపుతోందా?"

"సత్ శ్రీ అకాల్ భువాజీ." నవరీత్ మేనత్త మోకాళ్లు తాకి, మంచం చివర కూర్చుంది. సంచిలోంచి పాకెట్టు తీసింది. "బీజీకి మీరు పెట్టిన సూటు. చాలా బాగుంది. ఎక్కడ కొన్నారు?"

"ఎక్కడేంటి, మీ బజార్లోనే."

"మా బజార్లో ఎవరి దగ్గర?"

"ఆ మూల కొట్టు లేదూ. పేరు గుర్తుండి చస్తేగా. పెళ్లికి బండెడు సూట్లు కొన్నాను."

"మూల మీద జడ పరాందాలమ్మే కొట్టుంది భువాజీ."

"దాని పక్కది."

"దాని పక్కది నాది."

కత్తి ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది. గుర్మేజ్ కౌర్ మేనకోడల్ని కళ్లజోడు పైనుంచి చూసింది.

"ఏంటే, ఇప్పుడు శగుణ్ కానుక పెట్టినందుకు రసీదు కూడా చూపించాలా? మీ అమ్మకి నచ్చకపోతే చెప్పమను. ఇంకోటి ఇస్తాను. ఇంట్లో ఇంకా గుట్టలున్నాయి."

"నచ్చలేదని కాదు. ఇది మన పటియాలాలో దొరికేది కాదు భువాజీ. అందుకే అడుగుతున్నా."

నవరీత్ గుడ్డను మంచం మీద పరిచింది. ఉల్లిపొర రంగు పట్టు. కమీజు ముక్క పొట్టిగా, తొడల దాకా వచ్చేంతే ఉంది. కింది భాగానికిచ్చిన గుడ్డ మాత్రం పరుస్తుంటే పరుస్తూనే ఉంది.

"ఇంత గుడ్డ ఉంటే పటియాలా సల్వార్‌కేగా" అంది మేనత్త.

"నేనూ ముందు అదే అనుకున్నా. కానీ పటియాలాకి గుడ్డంతా నడుం దగ్గర కుచ్చుల్లోకి పోయి, మడమ దగ్గరికి సన్నబడుతుంది. అంచు మీద పని చేస్తే ఎవరికి కనిపిస్తుంది? ఇక్కడ చూడండి, పనంతా కింద జానెడు వెడల్పున ఉంది. ఇది ఫర్షీ సల్వార్. నేల మీద జీరాడుతూ ఉండేది."

"తెలుసులే. నా కొత్త కోడలు వేసుకుంది విందుకి. అది ముందు నడుస్తుంటే నేల ఊడ్చినట్టే పోయింది. మర్నాడు పనిమనిషి రాకపోయినా ఇబ్బంది లేకపోయింది."

నవరీత్ నవ్వింది. నవ్వుతూనే మాట వదల్లేదు. "ఆ ఫర్షీ ఎప్పుడొచ్చింది భువాజీ? పాత నవాబుల ఇళ్లలో ఉండేదట. నా దుకాణంలో మాత్రం కిందటేడు దాకా ఒక్కళ్లూ అడగలేదు. పెళ్లికూతుళ్లు ఫోన్లో బొమ్మలు చూపించి కుట్టమంటే, నేనూ మా మాస్టర్‌జీ రెండు గుడ్డలు పాడుచేసుకుని నేర్చుకున్నాం. అంటే ఈ సూటు పాతది కాదు. ఈ ఏడాది, ఏడాదిన్నర లోపు తయారైంది."

"అయితే ఏమయింది?"

"ఎవరిచ్చారో చెప్పండి. ఒకరిచ్చింది మీరు ఇంకొకరికి పెట్టారని నేనెవరికీ చెప్పను. ఒట్టు."

గుర్మేజ్ కౌర్ తరిగిన ఆకు గిన్నెలోకి తోసింది. ఆ మాట ఒప్పుకోవడం ఆ ఇళ్లలో ఆడవాళ్లకి ఎంత కష్టమో నవరీత్‌కి తెలుసు. పెట్టిన సూటు కుట్టించుకోకుండా ఇంకొకరికి పెట్టడం అందరూ చేస్తారు. చేశానని ఎవరూ అనరు. ఒక్కో పాకెట్టు నిశ్చితార్థానికీ, లోహ్రీ పండక్కీ, పురుడుకీ తిరిగి తిరిగి, విప్పకుండానే రంగు వెలిసిపోతుంది.

"మీ చిన్నాన్న పెళ్లాం కుల్వీందర్ తెచ్చింది" అంది చివరికి, గొంతు తగ్గించి. "పెళ్లికి పుట్టింటి తరఫున తెచ్చిన పళ్లెంలో ఉంది. నాకు పెట్టాల్సింది తెచ్చి ఇచ్చింది, నేను మీ అమ్మకి పెట్టాల్సింది పెట్టాను. మధ్యలో విప్పి చూసే తీరిక ఎవరికుంది? నువ్వేం నవ్వకు. మీ అమ్మేం తక్కువ తిందా? పోయిన లోహ్రీకి ఆమె నాకు పెట్టిన ఆకుపచ్చ సూటు, అంతకు ముందు ఏడు నేను ఆమెకి పెట్టిందే. కవరు మీద నేను కట్టిన మౌళి దారం కూడా అలాగే ఉంది."

"చాచీజీ ఇచ్చారా?"

"ఆ కుల్వీందరే. పార్లర్ నడిపే మహారాణి. ఇంతకీ నీకెందుకే ఇంత ఆరాటం? గుడ్డ బాగుంటే కుట్టుకో, లేకపోతే అమ్ముకో."

నవరీత్ చున్నీ విప్పింది. ఎర్రటి గుడ్డ మీద పసుపు, నారింజ పట్టుదారంతో ఫుల్కారీ పువ్వులు. వాటి మధ్య మధ్య వెండి తీగ చుక్కలు, ఎండకి మెరుస్తున్నాయి.

"పువ్వులు మనవి. ఈ చుక్కలు మనవి కావు. సన్నటి వెండి తీగని గుడ్డలోకి గుచ్చి, మెలిపెట్టి, నలుపుతారు. ఇది లక్నో పని. మనవాళ్లు అక్కడినుంచి తెప్పించుకుంటారు కానీ ఇక్కడ కుట్టరు. రెండూ ఒకే చెయ్యి చేసింది భువాజీ. ఫుల్కారీ ఇక్కడ నేర్చుకుని, ఈ చుక్క అక్కడ నేర్చుకున్న చెయ్యి." ఆమె మూల మడత తెరిచింది. "ఎవరి చెయ్యో మీరే చూడండి."

గుర్మేజ్ కౌర్ వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"చిలక" అంది.

"ఒంటికాలిది. తోజీ దీదీది."

"చిలకలు ఎవరైనా కుడతారు."

"ఒక కాలుతో ఎవరు కుడతారు? ఎనిమిదేళ్ల కింద పోయిన మనిషి, కిందటేడు వచ్చిన ఫర్షీకి అంచు ఎలా కుడుతుంది భువాజీ? దీదీ బతికుంది."

గుర్మేజ్ కౌర్ కత్తి పక్కన పెట్టింది. చున్నీ అంచుకి కళ్లు తుడుచుకుంది. మేనకోడల్ని దగ్గరకు లాక్కుని తల మీద ముద్దు పెట్టింది. ఆవాకు వాసన, కొబ్బరినూనె వాసన. నవరీత్ ఆ భుజం మీద తల ఆనించింది.

"మీ అమ్మకి చెప్పావా?"

"ఇంకా లేదు. ముందు ఎక్కడినుంచి వచ్చిందో తేలాలి. ఆదివారం లోపు తేలితే ఆ భోగ్ ఆపించచ్చు. బతికున్న బిడ్డకి బీజీ చేత ఆ ప్రార్థన చేయించలేను."

"మంచిది. తొందరపడి చెప్పకు, పాపం గుండె ఆగుతుంది. లక్నో అన్నావు కదూ?"

"ఆ వైపే."

"వాహెగురు. అంత దూరం." మేనత్త మళ్లీ కత్తి అందుకుంది. "టీ తాగి వెళ్లు పుత్తర్. అల్లం దంచి వేయమంటాను."

*

త్రిపురి పేటలో కుల్వీందర్ పార్లర్ నిండా జనం. పెళ్లిళ్ల కాలం. కుల్వీందర్ ఒక లావుపాటావిడ కనుబొమ్మలు దారంతో తీస్తోంది. దారం ఒక కొస పళ్ల మధ్య ఉంది. అయినా మాట ఆగదు.

"రావే నవీ. కూర్చో. ఈవిడ మీసాలు కూడా తీయాలి, ఆలస్యమవుతుంది."

"మెల్లిగా అను, నేనిక్కడే ఉన్నాను" అంది కుర్చీలో ఆవిడ.

నవరీత్ పాకెట్టు చూపించింది. కుల్వీందర్ దారం వదిలేసింది. ముఖం ఎర్రబడింది.

"మీ భువా తిప్పి పంపిందా? నాకు తెలుసు. దాని పద్ధతే అంత. ఎంత మంచిది పెట్టినా, 'కుల్వీందర్ పెట్టిందా, అయితే చౌకదై ఉంటుంది' అంటుంది."

"తిప్పి పంపలేదు చాచీజీ. బీజీకి పెట్టారు."

కుల్వీందర్ ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత నవ్వు మొదలైంది. కుర్చీలో ఆవిడ కనుబొమ్మ పట్టుకుని, "ఏమైంది, ఏమైంది" అంటోంది.

"అంటే మళ్లీ మీ ఇంటికే చేరిందా? అమ్మో. మీ అమ్మ ఏమనుకుందో."

"మా ఇంటికి మళ్లీ చేరడమేంటి?"

"ఇది మీ ఇంటి నుంచే కదే వచ్చింది."

"బీజీ ఇచ్చారా?"

"నువ్విచ్చావు. బానే ఉంది, మర్చిపోయావా? వేసవిలో మా పిల్లకి పెళ్లి ఖాయం చేసుకున్న రోకాకి నువ్వొక్కదానివే వచ్చావు. మీ అమ్మ గురుద్వారా సేవకి వెళ్లిందని. స్కూటర్ దిగి, చెమట తుడుచుకుంటూ నా చేతిలో పెట్టింది ఇదే. అప్పుడు నేను అనుకున్నా కూడా, వీళ్ల ఇంట్లో సూటు ఇంత బరువుగా ఎప్పుడు పెట్టారా అని. పిల్లకి ఉంచుదామనుకున్నా. మీ భువా నోటికి భయపడి దానికి పెట్టేశా."

నవరీత్ సోఫా మీద కూర్చుంది. పక్కనున్నావిడ జరిగి చోటిచ్చింది.

ఆ రోజు గుర్తొచ్చింది. రోకాకి టైమైపోతోంది. ఇంట్లో పేటీలో పైన ఉన్నవన్నీ పాత కాటన్ సూట్లు, ఒక్కటీ చాచీకి పెట్టేలా లేదు. చేయి లోపలికి పెట్టి, రజాయిల కిందికి, అడుగు దాకా పెట్టి, తగిలిన పాకెట్టు లాగింది. పట్టు అని వేళ్లకే తెలిసింది. విప్పి చూడలేదు. తన దుకాణంలో రోజుకి ఎన్ని సూట్లు విప్పుతుందో లెక్కలేదు. ఇంట్లో పెట్టుపోతల సూటు మాత్రం అందరిలాగే విప్పకుండా ఇచ్చేసింది.

ఆ పేటీ తాళంచెవి తల్లి దగ్గర ఉంటుంది. ఆ రోజు తలుపు దగ్గరి మేకుకి తగిలించి, తల్లి మర్చిపోయి వెళ్లింది.

"ఏంటే అలా ఉన్నావు? నీళ్లు తాగు" అంది కుల్వీందర్. "నేనేం అనుకోలేదులే. మనలో మనం."

*

ఇంటికి వచ్చేసరికి దీపాల వేళ. ప్రీతం కౌర్ సాయంత్రం ప్రార్థన పాఠం ముగించి, పుస్తకాన్ని బట్టలో చుడుతోంది. నవరీత్ పాకెట్టును మంచం మీద పెట్టింది.

"దీన్ని నేనే ఇచ్చాను బీజీ, చాచీజీకి. మీ పేటీ అడుగునుంచి తీసి. మళ్లీ మీ చేతికే వచ్చింది."

ప్రీతం కౌర్ పుస్తకాన్ని అల్మరాలో పెట్టింది. అల్మరా తలుపు వేసింది.

"వీధి తలుపు గడియ పెట్టి రా" అంది.

నవరీత్ పెట్టి వచ్చేసరికి పేటీ తెరిచి ఉంది. తల్లి రజాయిలు ఒక్కొక్కటే తీసి నేల మీద పెడుతోంది. అన్నిటి కింద పాత ఖేస్ దుప్పటిలో కట్టిన మూట ఉంది. దాన్ని తీసి కూతురి ముందు పెట్టింది. పెట్టి, ఒక పక్కగా కూర్చుంది, ఇక నీ ఇష్టం అన్నట్టు.

నవరీత్ ముడి విప్పింది. లోపల సూట్లు. అన్నీ సగం కుట్టినవే. కత్తిరించి, పని చేసి, పక్క కుట్లు ఎవరి కొలతకి వాళ్లు వేసుకునేలా వదిలేసినవి. ప్రతి చున్నీ మూలనా ఒంటికాలి చిలక.

ఆమె వాటిని మంచం మీద పరిచింది. వరస తల్లి చెప్పనక్కర్లేకపోయింది.

మొదటిది పటియాలా. నడుం పట్టీ కింద కుచ్చుల మీద కుచ్చులు, పొట్టి కమీజు, ఫుల్కారీ తప్ప ఇంకేమీ లేదు. అమితోజ్ వెళ్లినప్పుడు వీధిలో ప్రతి అమ్మాయీ అదే వేసుకుని తిరిగేది. దాని తర్వాత అనార్కలీ. ఛాతీ కింద నుంచి కలీల ముక్కలు ముక్కలుగా విచ్చుకుని పాదాల దాకా పోయేది. ఆ కలీల కత్తిరింపులో ఇంకా పటియాలా మాస్టర్ల పద్ధతే ఉంది. మూడోది పొడుగాటి కుర్తా, పలాజో. నవరీత్ దాని అంచు దగ్గర ఆగిపోయింది. కుట్టు వంకర పోయింది. ఒక చోట తెగి, ముడి పడి, మళ్లీ మొదలైంది.

"ఈ ఏడు దీదీకి ఏమైంది?"

"తెలీదు. చిలక కూడా సరిగా లేదు చూడు. అది వచ్చినప్పుడు నాకు ముద్ద దిగలేదు. మళ్లీ ఏడు వచ్చేదాకా."

మళ్లీ ఏడు వచ్చింది గరారా. నవరీత్ దాన్ని దీపం దగ్గరికి పట్టుకుంది. మోకాలి దగ్గర అతుకు, అతుకు మీద సన్నటి జరీ పట్టీ, పట్టీ కింది నుంచి లెక్కలేనన్ని కుచ్చులు. పంజాబ్‌లో గరారా కావాలని అడిగితే షరారా కుట్టి చేతిలో పెడతారు. నవరీత్ దుకాణంలోనూ అంతే; నడుం నుంచి తిన్నగా విచ్చుకునే షరారా తేలిక, ఎవరూ తేడా అడగరు. ఈ మోకాలి అతుకు పుస్తకం చూసి వచ్చేది కాదు. ఎవరో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాలి. కుట్టు మళ్లీ తిన్నగా ఉంది. ఆ ఏడాది నుంచే వెండి తీగ చుక్కలు మొదలయ్యాయి. తర్వాత వచ్చిన వాటిలో ఒకటి ముందంతా తెరిచి ఉన్న పొడుగు కోటు, కింద సన్నటి ప్యాంటు. పైన చూస్తే ఏ పనీ లేదు. తిరగేస్తే లోపలి అస్తరంతా ఫుల్కారీ.

నవరీత్ దాన్ని మళ్లీ మంచివైపుకి తిప్పి పెట్టింది. 

"ఎవరు తెస్తారు?"

"చలికాలంలో కశ్మీర్ శాలువాల అతను వస్తాడు కదా, మూట వేసుకుని. శాలువాల కింద ఉంటుంది. అతనికి ఇంకెవరో ఇస్తారు. వాళ్లకి ఎవరిస్తారో నేను అడగలేదు."

"ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడానా?"

"నాకు చిలక కనిపిస్తే చాలు. ఉంటే బతికుందని. మిగతా గుడ్డలో ఏముందో నేను చూడను. నువ్వు చూసినట్టు చూడటం నాకు రాదు, రాకపోవడమే మంచిదైంది."

"చూస్తే తెలిసిపోతోంది బీజీ. ఎక్కడుందో, ఎవరి దగ్గర పని నేర్చుకుందో. దీదీ ఇప్పుడు..."

ప్రీతం కౌర్ అరచెయ్యి ఎత్తింది. "చెప్పకు."

నవరీత్ ఆగింది.

"కాలవ గట్టు మీద జుత్తీలు పెట్టింది నేనే" అంది తల్లి. ధర చెప్పినంత మామూలుగా అంది. "ముందు రోజు సాయంత్రం గగ్గూ వచ్చాడు. తోజీని పక్కకి పిలిచి మాట్లాడాడు. ఏమన్నాడో అది నాకు చెప్పింది. పొద్దున్న పోలీసుల దగ్గరికి వెళ్తే మధ్యలో ఏం జరుగుతుందో కూడా చెప్పింది. తెల్లారకముందే దాన్ని బస్సెక్కించాను. ఏ బస్సో చూడకుండా వెనక్కి తిరిగాను. చూస్తే గుర్తుంటుంది. గుర్తుంటే ఏదో ఒక రోజు నోరు జారుతుంది. మీ నాన్నకి కూడా చెప్పలేదు. ఆయన ఏడుస్తూనే పోయాడు."

"మరి ఇప్పుడు భోగ్ ఎందుకు?"

"గగ్గూ ఎన్నికల్లో నిలబడుతున్నాడు. ఆ పాలవాడి కొడుకు పెద్దవాడయ్యాడు, పాత కేసు తవ్వుతానంటున్నాడు. తోజీ ఎక్కడైనా ఉందేమో అని గగ్గూ ఈ వేసవి నుంచి మనుషుల్ని తిప్పుతున్నాడు. నా ముఖంలోకి చూసి చూసి వెళ్తున్నాడు. తల్లే భోగ్ చేయించిందంటే వాడు నమ్ముతాడు. వెతకడం మానేస్తాడు. అందుకే ఒప్పుకున్నాను. ఆదివారం గ్రంథ్‌సాహిబ్ ముందు నేను అబద్ధం ఆడాలి. ఆడతాను. ఆయన క్షమిస్తాడు, ఆయనకి ఆడపిల్లలంటే ఏంటో తెలుసు."

నవరీత్ కళ్లకి మంచం మీద సూట్ల రంగులన్నీ కలిసిపోతున్నాయి.

"ఈ సూటు పేటీలో లేదని నాకు తెలిసినప్పుడు ప్రాణం పోయింది" అంది తల్లి. "నిన్ను అడిగితే ఎందుకని అడుగుతావు. ఊరుకున్నాను. పెళ్లిలో గుర్మేజ్ దాన్ని నా ఒళ్లో పెట్టింది. అందరి మధ్య. దాని కవరు విప్పలేదు, అది చూశాను. అప్పుడు ఊపిరొచ్చింది. అందరూ చూస్తున్నారని పట్టనట్టు నీ సంచిలో పడేశాను, ఇంటికొచ్చాక తీసుకుందామని. విప్పి ఉంటే మాత్రం..." ఆమె కూతురి వైపు తిరిగింది. "నువ్వు విప్పావు. ఫర్వాలేదు, నువ్వు నా బిడ్డవి. ఇంకెవరికైనా చూపించావా?"

వీధిలో పల్లీల బండి గంట వినిపించి దూరమైంది.

"నవీ. చిలకను ఎవరికైనా చూపించావా?"

"భువాజీకి."

ప్రీతం కౌర్ కదల్లేదు. "ఏం చెప్పావు?"

"దీదీ బతికుందని."

"ఆ తర్వాత?"

నవరీత్ చున్నీ మూలను మళ్లీ లోపలికి మడిచింది.  పొద్దుటి ఎండ, ఆవాకు గిన్నె, వెండి చుక్కల మీద తన వేలు, తను ఎంత తెలివిగా చెప్పుకుపోయిందో, అన్నీ వరసగా కళ్ల ముందుకొచ్చాయి. తల్లి ఎనిమిదేళ్లు అడగకుండా దాచిన ఊరి పేరును తను ఒక్క పూటలో, ఎవరూ అడగకుండానే, మంచం మీద పరిచి వచ్చింది.

ఫోన్ మోగింది. కుల్వీందర్. నవరీత్ ఎత్తింది. గదిలో ఎంత నిశ్శబ్దంగా ఉందంటే ఆ గొంతు తల్లికీ వినిపిస్తోంది.

"ఏంటే నవీ, ఆదివారం భోగ్ ఉందా లేదా? లంగర్ వంట మాట్లాడదామని గగ్గూ వాళ్లమ్మ, మీ తాయీ ఇంటికి వచ్చాను. ఇక్కడ ఎవరికీ ఆ ధ్యాసే లేదు. మీ భువా ఫోన్ చేసిందట, అంతే, ఇల్లంతా ఉరుకులు. గగ్గూ, వాడి ఇద్దరు దోస్తులు కారులో బయల్దేరారు. మీ తాయీ దారికి పరాఠాలు కట్టిచ్చింది, నా ముందే. చెల్లెలి భోగ్ పెట్టుకుని ఇప్పుడు ఊరెళ్లడమేంటి అని అడిగా. లక్నోలో సూట్ల పని బాగుంటుందట, చూసి రావడానికట. నువ్వే చెప్పావటగా?"